దీవెన చుక్కలు

తర్నూఫ్ పట్నంలో పాత గూడ్స్ స్టేషను వెనక, టైర్ల కొట్టుకి ఆనుకుని ఇరెక్ షెడ్డు. కార్ల రంగు మీది సన్నని గిరగిర గీతల్ని మెషీనుతో పాలిష్ పట్టి పోగొట్టడం అతని పని. గుడ్డతో తుడిచినప్పుడల్లా పడే ఆ గీతలు ఎండలో సాలెగూడులా మెరుస్తాయి. మెషీను వణుకు ఏళ్ళ తరబడి లోపలికి దిగి అతని వేళ్ళు మొద్దుబారాయి. రేకు వేడెక్కిందో లేదో ఇప్పుడు చెంప ఆనించి చూసుకుంటాడు.

"ఏంట్రా, మళ్ళీ ముద్దులా?" అని అరుస్తాడు టైర్ల మారియాన్. "మీ ఆవిడకి చెప్పమంటావా?"

"చెప్పుకో. నాకంత సరసం ఉందంటే అది నమ్మాలిగా!"

సెప్టెంబరులో యద్విగ తన నల్లకారు తెచ్చింది. శనివారం మేనకోడలు చర్చికి పెళ్ళికూతురై వెళ్ళేది ఆ బండిలోనే.

"గీతలు తీసెయ్యండి ఇరెక్ గారూ. బానెట్ మీది చుక్కలు మాత్రం ఉంచండి."

జులైలో, ప్రయాణికుల్ని కాచే సెయింట్ క్రిస్టఫర్ పండుగనాడు, ఫాదర్ బళ్ళ వరస వెంట నడుస్తూ దీవెన నీళ్ళు చల్లాడు. దీవెనని ఎవరు తుడుస్తారు? చుక్కలు ఎండకి ఆరి, రంగుని తినేసి, తెల్లని వలయాలై మిగిలాయి. ఆ రోజు బండి పక్కన టోపీ తీసి నిలబడ్డ ఆమె భర్త లెషెక్ ఆగస్టులో పోయాడు.

"చుక్కలు గీతలకంటే లోతు. మెత్తటి స్పాంజితో పైపైన పాలిష్ పడితే మిగలచ్చు. మాటివ్వలేను."

"పైపైనే పట్టండి."

మెషీను తిరిగింది. గీతలు మంచులా విడిపోయాయి. కింద నలుపు, బావిలో నీళ్ళలా. చెంప ఆనించాడు. గోరువెచ్చన. మళ్ళీ నడిపాడు. ఎడమ అంచు దగ్గర పాత అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి చూశాడు. చేతికి ఏమీ తెలియలేదు. తెలియకపోవడాన్ని చల్లదనం అనుకుని, ఇంకాసేపు నొక్కాడు.

తుడిచి చూస్తే అక్కడ చుక్కలు లేవు.

మెరుపుకి మైనం పూసి ముగించాక, సాయంత్రం యద్విగ వచ్చింది.

"కుడివైపువి ఉన్నాయండీ. ఎడమవైపు పోయాయి. పొరపాటు నాదే."

"ఎడమవైపా." ఆమె అటు నడిచింది. "ఆయన నిలబడింది ఇక్కడే."

ఆమె ఏడవలేదు. ఆ నలుపులో ఒక మబ్బు మెల్లగా దాటిపోతుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

"ఈ మైనం పెళ్ళికూతురి గౌనుకి అంటదుగా?" అంది చివరికి.

"ఆరిపోయిందండీ. అంటదు."

"సరే," అని తాళంచెవి కోసం చెయ్యి చాచింది.