ఎందుకాపినావే గౌరీ?

బొబ్బిలిలో మా మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే పైన విమానం గుర్రుమంది. దిగుతున్నది కాస్తా అదే ఎత్తున నిలిచి, ఇంజిన్ రంకె పెంచి సాగిపోయింది. "ఎవరో మధ్యలో ఆపారు" అని నా నోరు దానంతటదే అనేసింది. ఆ వెంటనే సింహాచలం సారు గుర్తొచ్చి, చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

సారు సాలూరు మనిషి. దూరాన ఒక మహానగరపు విమానాశ్రయంలో, దిగే విమానాలకు దారి చెప్పే గదికి పెద్ద. పదేళ్ల కిందట నేను ఆయన దగ్గర శిక్షణలో ఉన్నప్పుడే కొత్త నియమం వచ్చింది. వీలున్నంతవరకు విమానాన్ని మెట్లుమెట్లుగా దింపకూడదు, పైనుంచి రన్‌వే దాకా ఒకే వాలులో జారనివ్వాలి. మధ్యలో దిగడం ఆపితే ఆ ఎత్తునే ఎగరడానికి ఇంధనం తగలబడుతుంది, మోతకు కింద ఇళ్లలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఆపకూడదంటే రన్‌వేకి ఇంకా ఎంత దూరముందో మేం పైలట్‌కి ముందే సరిగ్గా చెప్పాలి. నేనా, రెండు విమానాలు దగ్గరవుతాయేమోనని అనుమానం వస్తే చాలు, ఆపేసేదాన్ని. ఆపితే నా ప్రాణానికి హాయి.

సారు ఒక నోటుపుస్తకం ఇచ్చారు. "ఆపిన పెతిసారీ ఎందుకాపినావో రాయి. అబద్దం రాసినావంటే ఊరుకోను." చూస్తుండగానే ఏడు పేజీలు నిండాయి. అన్నిటా ఒకటే మాట: భయం. పరీక్ష తప్పాను. ఇంకొక్క అవకాశమే ఉంది, అదీ పోతే ఆ గదిలో కుర్చీ నాది కాదు. పుస్తకాన్ని చెత్తబుట్టలో పడేసి, సెలవు పెట్టి బొబ్బిలి వచ్చేసి, ఇక వెళ్లేది లేదని నాన్న కిరాణా కొట్లో కూర్చున్నాను.

నాలుగో రోజు సారు సాలూరు బస్సు దిగి కొట్టు ముందుకొచ్చారు. చేతిలో ఆ పుస్తకమే. నాన్న కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఏటమ్మా గౌరీ, పప్పులు తూస్తన్నావా? ఏడు పేజీలు నిజం రాసినావే. మాలో ఒక్కడూ రాయనేదు. ఆపడం తప్పు కాదు. ఎందుకో తెలీకుండా ఆపడం తప్పు. ఎనిమిదో పేజీ కాళీగా ఉన్నాది, ఎల్దాం రా."

నాకు ఒళ్లు మండింది. అయినా నా చెత్తబుట్ట వెతికి, ఇంతదూరం మోసుకొచ్చిన మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? మర్నాడే రైలెక్కాను.

పరీక్షలో మూడు విమానాలు ఎక్కడా ఆగకుండా దిగాయి. నాలుగోది దిగుతుండగా దాని ముందున్నది ఉన్నట్టుండి నెమ్మదించింది. వెనకదాన్ని వేగం తగ్గించమన్నాను, చాలలేదు. ఆపాను. పరీక్షాధికారి ఏదో రాసుకున్నాడు.

బయట తలుపు దగ్గరే సారు. "ఎన్ని ఆపినావు?"

"ఒకటి సార్."

"ఎందుకాపినావే?"

"ముందుది నెమ్మదించింది. మధ్యన దూరం చాలదు."

"బయమేసినాదా?"

"వేసింది. దానికోసం మాత్రం ఆపలేదు."

"అదీ! మరేటి కావాల?" అని పుస్తకం చేతిలో పెట్టారు. ఎనిమిదో పేజీలో ఆ కారణం రాశాను. పరీక్షాధికారి రాసుకున్నదీ అదేనట. నెగ్గాను.

సారు పోయి రెండేళ్లయింది. ఇంకోసారి ఆ యాసలో కసురుకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి మొన్న పరీక్ష తప్పి ఆమదాలవలస వెళ్లిపోయింది. ఇక రానని ఫోన్ చేసింది. సరేనన్నాను. బట్టలు మడతపెట్టి కిందికి వచ్చి, రేపు ఆమదాలవలస వెళ్లడానికి సంచి సర్దుకున్నాను. అడుగున సారు పుస్తకం పెట్టాను, పైన నేనిస్తే ఆ అమ్మాయి వదిలేసి వెళ్లిన పుస్తకం. అందులో ఇంకా చాలా ఖాళీ ఉంది.