ఆఖరి బిందె

మా మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఉప్పుగూడ వైపు వెళ్ళినప్పుడు పాతవాళ్ళెవరైనా ఎదురుపడితే ఆయన్ని తలుచుకుని చేతులు జోడిస్తారు. అలాంటి మనిషి మళ్ళీ పుట్టడని అంటారు. నేను తల ఊపి ఊరుకుంటాను. ఒక చేతిలో కూరగాయల సంచీ, ఇంకో చేతిలో గొడుగు పెట్టుకుని నడిరోడ్డు మీద పెద్దమనిషి పరువు తీయడం కుదరదు కదా. ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి చెబుతాను.

డెబ్భైల మొదట్లో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. రైల్వే స్టేషన్ వెనక, మిట్ట మీద మొదలై పల్లంలోకి దిగే గల్లీ అది. దాని కింది కొసన మా ఇల్లు. అత్త నా పెళ్ళికి ముందే పోయింది. మామ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. మా ఆయన కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో చేసేవాడు, తెల్లారకముందే టిఫిన్ డబ్బా తగిలించుకుని సైకిలెక్కేవాడు. ఇంకొక మనిషి మా ఆడబిడ్డ. నేను వెళ్ళేసరికి రెండు జడలు వేసుకుని బడికి పోయే పిల్ల. తల్లి లేనిది, పెళ్ళి సందడి తగ్గకముందే నన్ను పట్టుకుని వదల్లేదు. రాత్రి గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చుని పాఠాలు పైకి చదివేది. పదో తరగతి పాసై నర్సు ట్రైనింగ్‌కు పోతానని చెప్పేది. ఎవరో తెల్లచీర కట్టుకున్న నర్సమ్మను దవాఖానలో చూసిందట, అప్పటినుంచీ అదే ధ్యాస.

మామ చెడ్డవాడని నేను అనను. గల్లీలో మోరీ నిండి మురుగు పొంగితే మునిసిపాలిటీ వాళ్ళకోసం ఎదురుచూడకుండా పార పట్టుకుని దిగేవాడు. ఎవరింట్లో జ్వరమొచ్చినా రిక్షా మాట్లాడి దవాఖానకు తీసుకుపోయి, సాయంత్రం దాకా అక్కడే కూర్చునేవాడు. కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో పోలీసులను బతిమాలి పసిపిల్లలున్న ఇళ్ళకు పాలు తెచ్చి ఇచ్చాడు. ఆ ఇల్లు ఎవరిదని చూడలేదు. ఎవరింట్లోనూ చాయ్ కూడా తాగేవాడు కాదు. అందరూ ఆయన్ని పెద్దబాపు అనేవాళ్ళు. బస్తీ కమిటీకి పెద్ద ఎవరని ఎన్నిక పెట్టే అవసరమే రాలేదు.

ఆయన పెట్టిన ఒక పద్ధతి ఉంది. గల్లీ మొత్తానికి మిట్ట మొదట్లో ఒకే ఒక సర్కారీ నల్లా. పొద్దున కాసేపే నీళ్ళు వదిలేవారు. ముందురోజే జనం బిందెలు, డొక్కు బకెట్లు, ఏదీ లేకపోతే ఒక రాయి పెట్టి వరుస కట్టేవాళ్ళు. నేను ముందు, నువ్వు ముందు అని జుట్లు పట్టుకునేదాకా పోయేది లొల్లి. అది ఆపడానికి మామ ఒకరోజు అందరిముందూ ప్రకటించాడు: తన ఇంటి బిందె ఎప్పుడూ ఆఖర్నే ఉంటుంది, తానే ఆఖర్న పట్టుకుంటున్నప్పుడు మిగతావాళ్ళకు కొట్టుకునే ముఖం ఉండకూడదు. ఆ మాటతో లొల్లి నిజంగానే తగ్గిందట. మస్తు గొప్ప మాట అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

గొప్ప మాటే. బిందె మోసేది మాత్రం ఆయన కాదు.

ఆఖరి బిందెకు వంతు వచ్చేసరికి నీళ్ళు దారంలా సన్నబడేవి. ఒక్కోరోజు బిందె సగం కాకుండానే నల్లా బుస్సుమని గాలి వదిలేది. అప్పుడు రైలు పట్టాలు దాటి, అవతల ఉన్న బోరింగ్ దగ్గరికి పోవాలి. అక్కడ మళ్ళీ ఇంకో బస్తీ వాళ్ళ వరుస. చేతులు బొబ్బలెక్కేదాకా పంపు కొట్టి, రెండు బిందెలు ఒకటి నెత్తిన, ఒకటి చంకన పెట్టుకుని కంకర రాళ్ళ మీద నడిచి రావాలి. కొత్త కోడలిగా నేను అదంతా చేశాను. మామ కూడా రోజూ నల్లా దగ్గరే ఉండేవాడు. ముసలమ్మల బిందెలు భుజాన పెట్టుకుని వాళ్ళ గడపల దాకా దించి వచ్చేవాడు. మా బిందె మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. సొంతింటి పని చూసుకుంటున్నాడని నలుగురూ అనుకుంటారట. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెమ్మనేవాడు. ఆ చెంబెడు నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో ఎప్పుడూ అడగలేదు.

మా ఆయనతో మొరపెట్టుకుంటే బాపుకు ఎదురు చెప్పలేనన్నాడు. మగవాడు బిందె ఎత్తితే నామోషీ అని కూడా లోపల ఉండేది, అది బయటికి అనలేదు.

తర్వాత నాకు నెల తప్పింది. కడుపు ముందుకొచ్చాక పట్టాలు దాటడం నావల్ల కాలేదు. ఆడబిడ్డ నా చేతిలోంచి బిందె లాక్కుంది. అప్పుడది పదో తరగతిలోకి వచ్చింది. పొద్దున్నే నల్లా, తర్వాత బోరింగ్, తడిసిన లంగా మార్చుకుని జడలు సగం అల్లుకుని బడికి పరుగు. వాళ్ళ బళ్ళో ప్రార్థన అయిపోగానే గేటు మూసేవాళ్ళు. గేటు బయట నిలబడి, రెండో గంట కొట్టాక లోపలికి పోయేది. కొన్నాళ్ళకు పెద్ద పంతులమ్మ పిలిచి, హాజరు ఇలాగే ఉంటే పరీక్షకు పంపనని కచ్చితంగా చెప్పిందట. ఆ సంగతి పిల్ల నాకు ఒక్కదానికే చెప్పింది.

సరిగ్గా అప్పుడే గల్లీకి ఇంకో నల్లా మంజూరైంది. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది మామే. చెప్పులరిగేలా తిరిగాడు, ఆ మాట నేనే ముందు చెబుతాను. ఎక్కడ పెట్టాలో బస్తీ వాళ్ళే చూసి చెప్పమన్నారు పైవాళ్ళు. పైపు వేసే మనిషి వచ్చి గల్లీ అంతా ఒకసారి నడిచి చూసి, పల్లంలో, మా గోడ పక్కన పెడితే నీళ్ళు జోరుగా వస్తాయని, మిట్ట మీద ఉన్న లైను మీదే ఇంకోటి పెడితే రెండూ ఎండుతాయని చెప్పిపోయాడు. అందులో కొత్తేమీ లేదు. నీళ్ళు పల్లానికి పోతాయని గల్లీలో పసిపిల్లకు కూడా తెలుసు. ఇళ్ళు ఎక్కువ ఉన్నదీ పల్లం వైపే.

నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల అయితే గోడ పక్కన చీపురు పట్టి ఊడ్చి కూడా పెట్టింది.

కానీ చాయ్ హోటల్లో మిట్ట వైపు మనిషి ఒకడు నలుగురిలో నవ్వుతూ, చూస్తూ ఉండండి, నల్లా పెద్దబాపు గోడ పక్కకే వస్తుంది, ఇన్నాళ్ళు ఆఖర్న పట్టుకున్నది ఇందుకే అన్నాడట. ఆ మాట మామ చెవిన పడింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు. ఆయన మనసు ఎటు తిరిగిందో నాకు అర్థమైంది. కోడలు మామకు సలహా చెప్పే ఇల్లు కాదది. అయినా వాకిట్లో నిలబడి చెప్పాను. పిల్ల బడి సంగతి, గేటు సంగతి, పెద్ద పంతులమ్మ అన్నది, అన్నీ చెప్పాను.

"మామా, మన గోడకు ఒద్దంటే పక్కింటి గోడకు పెట్టియ్యుండ్రి. పల్లంల ఏడ పెట్టినా సరే. పిల్ల సదువు ఆగమైతది" అన్నాను.

ఆయన కోప్పడలేదు. నెమ్మదిగానే మాట్లాడాడు. "నువ్వు ఇంట్ల ఉంటవ్ బిడ్డా. బజార్ల మాట పడేది నేను. పల్లంల ఏడ పెట్టినా నా కోసమే పెట్టుకున్న అంటరు."

వినాయక చవితి రోజులవి. ధూల్‌పేట్ నుంచి తెచ్చిన విగ్రహం రంగు వాసన ఇంకా పోలేదు, ఆ మండపంలోనే మీటింగ్ పెట్టారు. మగవాళ్ళు ముందు, మేము వెనక. మామ లేచి, కొత్త నల్లా మిట్ట మీద, పాతదానికి ఎగువన పెట్టాలని తాను నిర్ణయించానన్నాడు. తన ఇంటికి ఎంత దూరమైతే అంత మంచిదన్నాడు. ముందు వరుస చప్పట్లు కొట్టింది. హోటల్లో నవ్విన మనిషే అందరికంటే ముందు లేచి ఆయన మెడలో దండ వేశాడు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్ళు పట్టేది వాళ్ళు. వాళ్ళనెవరూ ఒక్క మాట అడగలేదు. పల్లం వైపు పెద్దావిడ ఒకామె గొణిగింది కానీ, పెద్దబాపు తన గడపనే వదులుకున్నాక మనమేం అంటామని తనే మళ్ళీ నోరు మూసుకుంది.

అప్పటినుంచీ నాకొకటి బాగా తెలిసింది. తీర్పు చెప్పేవాడి కళ్ళముందు ఆ క్షణంలో ఎవరి మొహం ఉందో చూడాలి. మా మామ కళ్ళముందు చాయ్ హోటల్లో నవ్విన ఆ ఒక్కడి మొహమే ఉంది. గల్లీలోని ఆడవాళ్ళ మొహాలు లేవు, కన్నబిడ్డది అసలే లేదు.

నల్లా తిప్పిన రోజు నీళ్ళు ఎగజిమ్మాయి. ఆ పూట పెద్దలొస్తున్నారని కింది వైపు వాల్వులన్నీ కట్టేసి మొత్తం నీళ్ళు ఇటు మళ్ళించారు. కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు. తర్వాత వాల్వులు తెరిచారు. కొత్త నల్లా నాలుగు రోజులు కారి, పగటి పూట కాకులు వాలే కొయ్య అయింది. పాతదాంట్లో జోరు కూడా తగ్గింది. ఆఖరి బిందెకు ఇక చుక్క కూడా మిగిలేది కాదు. ఆడబిడ్డ నేరుగా పట్టాలు దాటి పోవడమే.

నేను పురిటికి పుట్టింటికి వెళ్ళి బిడ్డతో తిరిగొచ్చేసరికి పరీక్ష ఫీజు కట్టే సమయమైంది. హాజరు చాలలేదని పిల్ల పేరు ఆపేశారు. బడికి పోయి ఒక్క మాట అడగమని పిల్ల తండ్రి కాళ్ళావేళ్ళా పడటం నేను విన్నాను. గల్లీలో సగం మంది పిల్లలను బళ్ళో చేర్చింది ఆయనే. ఆ పెద్ద పంతులమ్మ ఆయన్ని చూస్తే కుర్చీ వేయించేది. ఆయన మాత్రం కదల్లేదు. "అందరి పిల్లల కోసం అడిగిన నోటితోని నా పిల్ల కోసం ఎట్ల అడుగుతా బిడ్డా? తప్పు కాదా?" అన్నాడు. ఆయనకు అది నిజంగానే తప్పనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సొంత బిడ్డకు అన్యాయం చేస్తే ఊరికి న్యాయం చేసినట్టని ఈయనకు ఎవరు చెప్పారు?

పిల్ల పుస్తకాలు సర్ది అటక మీద పెట్టింది. ఏడవలేదు. నా కొడుకును చంకనేసుకుని ఇంట్లో తిరిగేది. ఆ తర్వాత ఎప్పుడూ తెల్లచీర మాట ఎత్తలేదు, నేనూ ఎత్తే ధైర్యం చేయలేదు.

మరుసటి పంద్రాగస్టు నాడు గల్లీ మొదట్లో జెండా ఎగరేసి, మైకు పెట్టి, మామకు శాలువా కప్పారు. ఆయన నాలుగు మాటలు మాట్లాడాడు. పెద్దగా ఉన్నవాడు ముందు తన ఇంట్లోంచి ఇవ్వాలన్నాడు. బస్తీ కోసం తాను గడప ముందు నల్లా వదులుకున్నానన్నాడు. "నా బిడ్డ గూడ బస్తీ కోసం సదువు ఇడిసిపెట్టింది. నాకు గర్వంగ ఉన్నది" అన్నాడు. చప్పట్లు ఆగలేదు. పిల్లలకు చాక్లెట్లు పంచుతున్న ఆడబిడ్డను అందరూ తిరిగి చూశారు. ఎవరో ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించారు కూడా. చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజు దాని మొహం చూడలేక నేను కొడుకు మీదికి వంగాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక మామ శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు. ఆడబిడ్డ వచ్చి ఆయన ముందు నిలబడింది. తండ్రి ఎదుట అట్లా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"నేను ఇడిసిపెట్టలే బాపు" అంది. గొంతు పెంచలేదు. "నన్ను ఒక్క మాట అడగలే నువ్వు. నాది తీసుకపోయి ఇచ్చి, నేను ఇచ్చిన్నని చెప్పినవ్."

ఆయన దాన్ని చూశాడు. ఇన్నేళ్ళలో కూతురిని ఆయన అంత సూటిగా చూడటం నాకు గుర్తు లేదు. తప్పైందంటాడేమో, కనీసం దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంటాడేమో అని నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేశాడు. తిరిగొచ్చి, గల్లీలో అందరి ముందూ జోడించే ఆ రెండు చేతులూ కూతురి ముందు జోడించాడు.

"గీ మాట బయట అనకు బిడ్డా" అన్నాడు.