జీవరత్నం మావ కోడిపెట్ట

మా జీవరత్నం మావకు పాడుబడ్డ కట్టడం కనబడితే చాలు, లోపల ఒక బొమ్మ పెట్టి రానిదే అన్నం సహించదు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు కాబట్టి, నరసన్నపేట చుట్టుపక్కల ఎక్కడెక్కడ కనెక్షన్లు పీకేశారో ఆయనకు కంఠతా వచ్చు. పగిలిన బంగాళా పెంకు మీద రంగుతో బొమ్మ వేసి, నా బండి వెనకెక్కి వెళ్ళి, ఏ గూట్లోనో పెట్టి వచ్చేవాడు.

"ఎవులూ లేని కొంపకి బొమ్మెందుకు మావా?"

"ఒకరింటికి ఉత్తి సేతుల్తో ఎల్తామేట్రా?"

ఇంతకీ ఆయనకు బొమ్మలు వెయ్యడం రాదు. ఆవును గీస్తే మంచం అనుకున్నాను. తాటిచెట్టును చూసి "సీపురు బాగుంది" అన్నందుకు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు.

కిందటేడు పాత రైసుమిల్లులో ఆయన పెట్టిన ఎర్రరంగు బొమ్మ పెంకు ఊరివాళ్ళ కంటబడింది. ఆ వారమే రెండు ఆవులు చచ్చాయి. ఇంకేముంది, చిల్లంగి అన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. మిల్లులోకి రోజూ వెళ్ళేది మేకలు కాసే అసిరమ్మ ఒక్కతే. చెవులు సరిగా వినబడని ముసలిది. ఆమెను ఊళ్ళోంచి పంపెయ్యాలని పంచాయితీ పెట్టారు.

"నానెక్కడికెల్తాను బాబూ?" అని అసిరమ్మ ఏడుస్తోంది.

సంగతి తెలిసి మావ నన్ను వెంటబెట్టుకుని రొప్పుతూ వెళ్ళాడు. "అది నానెట్టిన బొమ్మ. కోడిపెట్ట."

"ముసిల్దాన్ని కాయడానికి అబద్ధమాడతన్నారు. కోడి అలగుంటాదేటి?" అన్నాడు ఊరిపెద్ద జగన్నాధం.

మావకు పౌరుషం వచ్చి, సుద్దముక్కతో అరుగు మీద మళ్ళీ గీశాడు. అందరూ వంగి దాన్నీ, పెంకునూ మార్చి మార్చి చూశారు.

"ఓర్నాయనో, అదే! ఇంత వంకర ఇంకెవులి సేతికీ రాదు," అన్నాడు జగన్నాధం. ఊరంతా నవ్వింది. అసిరమ్మ జోలికి మరెవరూ వెళ్ళలేదు.

తిరిగొచ్చే దారిలో మావ మొహం మాడ్చుకుని, "ఒక్కర్తీ కూకుని అంబలి తాగతాది. ఎదురుగా ఏటో ఒకటుంటే తోడని ఎట్టేనురా," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. కూలిన క్వార్టర్లలో చేపలమ్మే జగ్గమ్మ బుట్ట దించుకుని ఎండ తప్పించుకుంటుంది. మూతబడ్డ బడిలో కూలీలు కునుకు తీస్తారు. ఆయన బొమ్మ పెట్టిన చోటల్లా ఎవరో ఒకరు ఉన్నారు. అన్నాళ్ళూ బండి తోలిన నాకే అది కనబడనందుకు సిగ్గేసింది.

మర్నాడు మిల్లుకు వెళ్ళాం. అసిరమ్మ పెంకు ముందు ఎండుచేప ముక్క పెట్టి కూర్చుంది.

"మంచి పిల్లినిచ్చారు బాబూ," అంది.

నేను మావ వైపు చూశాను. ఆయన మీసం ఒకసారి అదిరింది.

"అవునసిరమ్మా! సేపలంటే దానికి పేణం!" అని ఆమె చెవిలో గట్టిగా అరిచాడు.