జిన్నింగు మిల్లులో నా చెప్పులు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చేసే పని అలాంటిది. చిలకలూరిపేటలో కంప్యూటర్లు రిపేరు చేస్తాను. దానంతటదే ఆన్ అవుతోందని భయపడి తెచ్చిన కంప్యూటర్లో బల్లి దొరికింది. లోపల ఎవరో మూలుగుతున్నారన్న దాంట్లో ఫ్యాను చుట్టూ దిండు కుట్టేంత దూది ఉంది. మిర్చి కొట్ల నుంచి వచ్చినవి విప్పితే మాత్రం కన్నీళ్ళు ఆగవు. అది కారం ఘాటు. ఆత్మఘోష కాదు.

కాబట్టి ఇది మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. మీ స్థానంలో నేనుంటే ఈపాటికి పేజీ తిప్పేసేవాణ్ణి.

నాకీ పని నేర్పింది మస్తానన్న. ఆయన పాఠం చిన్నది. ముందు కాళ్ళకి రబ్బరు చెప్పులు, తర్వాత కరెంటు చూసే టెస్టరు, ఆ తర్వాతే చెయ్యి. వినడానికి తేలికే. కానీ మా వైపు ఆఫీసుల్లో కంప్యూటర్ గదికి పూజగది మర్యాద ఉంటుంది. శుక్రవారం నేల కడిగి, సీపీయూకి బొట్టు పెట్టి, దాని మీద లక్ష్మీదేవి పటం పెడతారు. చెప్పులు బయటే విడవాలి. మస్తానన్న గుమ్మంలోనే గొడవకు దిగేవాడు.

"అమ్మవారికి దణ్ణం పెడతానండీ. కరెంటుకు మాత్రం పెట్టను. దానికి నా భక్తి తెలీదు."

ఆయన రబ్బరు చెప్పులు మా షాపుకన్నా పాతవి. పట్టీ ఊడితే వైర్లు కట్టే నల్ల ప్లాస్టిక్ ట్యాగ్ బిగించేవాడు. మిగిలిన కొన కోసి, కాలికి గుచ్చుకోకుండా లైటరుతో కరిగించి ఉండలా చేసేవాడు. పోయినేడు గుండెపోటుతో పోయాడు. మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ శుక్రవారం హైవే పక్క, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు నుంచి ఫోనొచ్చింది. కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తోందట. వెళ్ళేదారిలో నా ఎడమ చెప్పు పట్టీ ఊడింది. బస్టాండు నుంచి కాలీడ్చుకుంటూ మిల్లు గేటుకు చేరాను.

వాచ్‌మన్ నా జేబులు తడిమాడు. "అగ్గిపెట్టె గానీ లైటర్ గానీ ఉంటే ఈ డబ్బాలో పడెయ్."

"నేను తాగనన్నా."

"అందరూ అదే అంటారు," అన్నాడు. లోపల కొండల్లా పత్తి ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఓనరు లైటరైనా సరే, ఆ గేటు దాటదు.

గుమాస్తా సుబ్బారావు గారు వరండాలో నన్ను ఆపేశారు. "చెప్పులక్కడే విప్పి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కురా అబ్బాయ్. ఇవాళ శుక్రవారం."

మస్తానన్న అయితే పోట్లాడేవాడు. నాకు పెద్దవాళ్ళతో వాదించాలంటే బద్ధకం. చెప్పులు విప్పి మెట్టు పక్కన పెట్టాను. ఆయనా నాతోపాటే కాళ్ళు కడుక్కున్నారు. ఇద్దరం తడి కాళ్ళతో లోపలికి నడిచాం.

గడప దాటగానే సన్నగా కాలిన ప్లాస్టిక్ వాసన తగిలింది. కంప్యూటర్లో కరెంటు పెట్టె కాలిందనుకున్నాను. మా పనిలో సగం రోగాలు ముక్కుకే తెలిసిపోతాయి.

అప్పుడే సుబ్బారావు గారు కేకేశారు. "ఏమయ్యా, ఏంటీ పని!"

కంప్యూటర్ బల్ల ముందు, అప్పుడే కడిగిన గచ్చు మీద నా చెప్పులున్నాయి. పక్కపక్కనే, మొనలు కంప్యూటర్ వైపు తిరిగి ఉన్నాయి. నేను వేసుకుని నిలబడితే ఎలా ఉంటాయో అలా.

"బయటే కదండీ విప్పాను! మీరు చూశారుగా!"

"చూశాను కాబట్టే అడుగుతున్నా!"

బయట విడిచొద్దామని వాటిలో కాళ్ళు పెట్టాను. పెట్టగానే అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులోని టెస్టరు తీసి సీపీయూ స్క్రూకి ఆనించింది. నేను ఆనించానని చెప్పడం లేదు. చెయ్యి ఆనించింది.

టెస్టరు ఎర్రగా వెలిగింది. ఇనప డబ్బా మొత్తానికీ కరెంటు ఉంది.

అదే క్షణంలో సుబ్బారావు గారు, అమ్మవారి ముందు చెప్పులేమిటన్న కంగారులో, వెండి ఫ్రేము పటాన్ని ఎత్తడానికి రెండు చేతులూ చాపారు. తడి కాళ్ళు, తడి నేల. నేను రెండో చేత్తో ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన నేల మీద చతికిలబడి నన్ను తిట్టడానికి నోరు తెరిచి, స్క్రూ మీద ఇంకా వెలుగుతున్న టెస్టరు చూసి మూసేశారు.

మెయిన్ ఆపి విప్పాను. ఎలక వైరు కొరికింది. ఇందాక గది కడిగేటప్పుడు డబ్బా జరపడంతో ఆ వైరు ఇనుముకు తగిలింది. ఎర్తింగు కాపాడాలి కానీ, ప్లగ్గు పట్టడం లేదని ఎర్తింగుకుండే మూడో పిన్ను ఎవరో ఎప్పుడో విరగ్గొట్టేశారు. ఇవన్నీ నాకు అర్థమయ్యే విషయాలే.

లోపల కాలింది మాత్రం ఏమీ లేదు. వైర్లన్నీ వాసన చూశాను. దుమ్ము వాసన తప్ప ఇంకేం రాలేదు.

గది కడిగిన వెంకాయమ్మ వరండాలోనే ఉంది. చెప్పులు నువ్వు పెట్టావా అని అడిగితే బకెట్టు వదిలేసింది. "అమ్మవారి ముందు చెప్పులా? నేనా? కళ్ళు పోవూ! ఏం మాటలయ్యా అవి!" మనిషెవరైనా లోపలికి వెళ్ళారా అంటే లేదంది. సీసీ కెమెరా ఉంది. అది పనిచేయడం లేదు. వీలుంటే దాన్నీ చూడమని పిలిచింది నన్నే.

సుబ్బారావు గారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. "అబ్బాయ్, వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళి," అన్నారు.

పనయ్యాక గేటు దాకా నడిచి వచ్చాను. అప్పుడు తెలిసింది, నేను కాలీడ్చడం లేదని.

ఎడమ చెప్పు తీసి తిరగేశాను. పట్టీకి నల్ల ట్యాగ్ బిగించి ఉంది. నా సంచిలో ఉన్నవన్నీ తెల్లవి. మిగిలిన కొన కోసి, కరిగించి, ఉండలా చేసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గడపలో తగిలిన వాసన అదే.

వాచ్‌మన్ డబ్బాలో మిల్లులో అందరి లైటర్లూ ఉన్నాయి. ఎవరైనా మధ్యలో తీసుకెళ్ళారా అని అడిగాను. నన్ను ఎగాదిగా చూశాడు. "నా ఉద్యోగం పోతుంది. నీకేమైనా పిచ్చా?"

ఏమో, ఉండొచ్చు. ఎలక సంగతి చెప్పగలను, పిన్ను సంగతి చెప్పగలను. చెప్పుల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతాను. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అక్కడే ఆగిపోతున్నాను.

రోజూ అవే వేసుకుని పని చేస్తున్నాను. ట్యాగ్ తెగితే నేనే కట్టుకుందామని నల్లవి కొన్నాను, లైటరూ కొన్నాను. అదింకా తెగలేదు.