మామ గీసిన ఏరు

మొన్న కొత్త ఫోనులో నా ఫొటో తీసుకుంటే, వెనకాల బట్టలు ఆరేసిన తీగ మాయమై జలపాతం ప్రత్యక్షమైంది. నేను అడగనే లేదు. బాగుంది కూడా. ఆ బాగుండటమే ఎక్కడో గుచ్చుకుని, వానలు సరిగా పడని కంబదూరులో మా మేనమామ నడిపిన ఫొటో స్టూడియో గుర్తుకొచ్చింది.

తొంభైల చివర్లో సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆ గదిలో ఓ మూల స్టూలు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా అందరినీ చూడొచ్చు. గదంతా రంగుల వాసన, లైట్ల వేడి. గోడకు మామ తన చేత్తో గీసిన తెర, తెర నిండా ఏరు. నిండుగా పారే ఏటిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు. తెలిసినవి బావి నీళ్లే కాబట్టి ఏరు ముదురు పచ్చగా వచ్చింది. "ఏమప్పా, పాచి పట్టిన నీళ్లు గీసినావే!" అని ఎగతాళి చేస్తూనే, వేరుశనగ నిలువునా ఎండిన ఏళ్లలో కూడా జనం ఆ ఒడ్డున నిలబడి ఫొటోలు దిగేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక స్టూడియోకి కంప్యూటర్ వచ్చింది. అందులో ఏ దృశ్యం అతికించాలన్నా మనిషి వెనక ఒకే రంగు ఉండాలట. మామ కొత్త గుడ్డ కొనలేదు, తన ఏటి మీదే నీలం రంగు పూసేశాడు.

"ఎవురన్నా యేరు కావాలని అడిగితే?" అంది అత్త.

"అడగనీలే, చూద్దాం."

ఏరు కావాలనే ఆ ఒక్క మాట కోసమే, తలుపు చప్పుడైతే చాలు, ఆశగా తలెత్తేవాడు. ఎవరూ అడగలేదు. అందరికీ మంచుకొండలే కావాలి. నాకూ అవే నచ్చాయి. కూర్చున్నచోటు నుంచే మనుషుల్ని కొండలెక్కించడం ఎంత సరదాగా ఉండేదో!

ఒకరోజు మేకలు కాసే అవ్వ మనవరాలితో వచ్చింది. నీలం గుడ్డను ఎగాదిగా చూసి, "నీళ్లు యాడ బోయినాయప్పా?" అంది.

"కంప్యూటర్లో ఉండాయి అవ్వా. ఆనక వస్తాయి," అన్నాడు మామ.

"బోరు ఏసినోడూ ఇదే మాట చెప్పినాడు."

మామ పగలబడి నవ్వాడు. అవ్వ నవ్వలేదు. చెప్పులు పక్కన విడిచి, చీర అంచు కాస్త పైకెత్తి పట్టుకుని గుడ్డ ముందు నిలబడింది.

"చెప్పులెందుకు విడిచినావవ్వా?"

"మా ముసలోడితో ఫొటో దిగినప్పుడు ఈడ యేరుండె గదా. నీళ్లల్లో చెప్పులతో ఎట్ల నిలబడేది?"

మామ కెమెరా దించి, కళ్లద్దాలు తుడుచుకునే వంకతో అటు తిరిగాడు. కొత్త యంత్రం వచ్చినంత మాత్రాన ఒక కాలం అయిపోదు. ఆ కాలాన్ని వెతుక్కుంటూ ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తూనే ఉంటారు.