సుల్తానాబాద్ కప్పలో దొరికిన మగపురుగు

చచ్చిన పురుగు తోక కదిలింది. నా కళ్లతో చూశాను. ముప్పై ఏళ్లు పత్రికల్లో పనిచేశాను, చూడనిది చూశానని ఏనాడూ రాయలేదు. ఇప్పుడు రాసి నాకు వచ్చేదీ లేదు...

దారపు పోగు కన్నా సన్నని పురుగు అది. సుల్తానాబాద్ పొలంలో పట్టిన కప్ప పేగులో దొరికింది. దాన్ని పట్టిన రాజమౌళి నా చిన్ననాటి దోస్తు, అక్కడి కాలేజీలోనే లెక్చరర్. ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి అని అతని నమ్మకం. పేరు పెట్టాలంటే మగపురుగు తోక కొలిచి, బొమ్మ గీసి పంపాలి. ఆడవి చాలా దొరికాయి. మగది ఒక్కటే. నెలాఖరుకు అతని రిటైర్మెంట్. ఆ తర్వాత ల్యాబ్ తాళం అతని చేతిలో ఉండదు.

ఆ రాత్రి ల్యాబ్‌లో ఇద్దరమే. అతను మైక్రోస్కోపులోని గీతల కొలబద్దతో కొలిచి చెప్పాలి, నేను రాసుకోవాలి. పగలంతా పాఠాలు చెప్పి అతను, బస్సులో నిలబడి వచ్చి నేను... ఇద్దరికీ కళ్లు మూతలు పడుతున్నాయి.

"తోక పందొమ్మిది గీతలు. రాసినవా?"

"రాసిన."

"పేపరోనివి. అంకెలు పెంచకురా, గిది వార్త కాదు."

"ముందుగాల నువ్వు జర సక్కగ సూడు."

ఫ్యాన్ కిర్రు... కిర్రు... కిటికీ అవతల పొలంలో కప్పల రొద.

ఉన్నట్టుండి కప్పలు ఆగిపోయాయి. అన్నీ... ఒక్కసారే.

రాజమౌళి కటకం నుంచి కన్ను తీయలేదు. "అరే..." అన్నాడు. "ఇటు రా."

చూశాను. మరిగే స్పిరిట్‌లో వేసి చంపిన పురుగు. అలా చంపితే పుల్లలా చాచుకుపోతుందని, ఇక వంగదని సాయంత్రమే చెప్పాడు. గాజుపలక మీది గ్లిజరిన్ చుక్కలో పుల్లలాగే ఉంది. తోక చివర మాత్రం... మెల్లగా... వంగుతోంది. నా ఊపిరికి బల్ల కదులుతోందేమో అని ఊపిరి బిగబట్టాను. ఇంకొంచెం వంగింది. కొక్కెంలా అయింది. ఆగింది.

బయట ఒక కప్ప అరిచింది. వెంటనే అన్నీ అందుకున్నాయి.

"గ్లిజరిన్‌ల స్పిరిట్ ఆరి గుంజుకున్నదేమో," అన్నాడు రాజమౌళి.

"మరి కప్పలు?"

"నన్నడుగుతవేందిరా?"

ముఖం తుడుచుకుని మళ్లీ కొలిచాడు. "పదిహేను."

ఒకే పురుగు, ఒకే తోక. నా చేతిరాతలోనే రెండు అంకెలు.

"ఏది పంపుతవ్?"

"ఏదని పంపాలె..." అంటూ లైటు ఆర్పాడు.

ఏదీ పంపలేదు. రిటైరయ్యాడు. రెండు వానాకాలాలు అదే పొలంలో ఇద్దరం కప్పలు పట్టాం. ఓ బడి మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుని వెతికాడు. ఆడపురుగులు దొరికాయి. మగది ఒక్కటీ దొరకలేదు.