సరసక్క గుమ్మడికాయ కేకు

నిన్న పొద్దున ఆరున్నరకు కార్తీక్ ఫోన్ చేసి "మామా, అమ్మ పోయింది" అన్నాడు.

యాడికి పోయింది అని అడిగా.

నిజంగానే అట్లా అడిగా. నాలుగు రోజులుగా ఆమె కర్నూలు ఆసుపత్రిలో ఉందని తెలిసి కూడా.

సరసక్క డోన్‌లో మా పక్కింటి అక్క. తోడబుట్టింది కాదు. వాళ్లు శెట్లు, మేం ముస్లింలం. ఇరవై ఏళ్లుగా రెండిళ్లకూ ఒకటే గోడ.

అందరూ స్టేటస్‌లో ఆమె ఫోటో పెడుతున్నారు. నేనూ నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుందామనుకున్నా. కానీ ఆమె విషయంలో నేనొక నిజం దాచా. అది చెప్పకుండా మిగతాది రాయడానికి చెయ్యి రావట్లేదు.

భర్త పోయాక దినుసుల అంగడి ఆమే చూసుకునేది. ఇంట్లో అత్త ఉంటుంది, మేమంతా అవ్వ అంటాం. ఒక్కడే కొడుకు కార్తీక్, కర్నూల్లో డిగ్రీ చదువుతున్నాడు.

మూడేళ్ల కింద అక్కకు షుగర్ బాగా పెరిగింది. అన్నం, చపాతీ, జొన్నరొట్టె అన్నీ తగ్గించమన్నాడు డాక్టర్. చుట్టూ బియ్యం మూటలు, మధ్యలో గింజ ముట్టని శెట్టెమ్మ. నేను ఎగతాళి చేస్తే, నవ్వు నాయనా, నీకూ వస్తుందిలే అనేది.

అప్పుడు పట్టుకుంది ఈ కేకు పిచ్చి. మైదా లేదు, గోధుమ పిండి లేదు. బాదం పొడి బదులు పల్లీల పొడి. ఆ ఇంట్లోకి గుడ్డు రాదు కాబట్టి నానబెట్టిన అవిసె గింజలు. దాల్చినచెక్క, లవంగం, శొంఠి. ఓవెన్ లేదు, పాత కుక్కర్లో ఉప్పు పోసి, విజిల్ తీసేసి చేసేది.

మొదటిసారి పెద్ద కామెడీ. రెసిపీ ఇంగ్లీషులో ఉంది. పంప్‌కిన్ అంటే ఏందిరా అని కార్తీక్‌ను అడిగితే గుమ్మడికాయ అన్నాడు. ఆమె వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయ తెచ్చి తురిమింది. గంటన్నర మంట పెట్టినా అది కేకు కాలేదు, పాయసం అయింది. పారెయ్యడానికి మనసు రాక ఇద్దరం స్పూన్లతో తిన్నాం. అక్క కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

తర్వాత ఎర్ర గుమ్మడికాయతో బాగా కుదిరింది.

కానీ ఒక తిరకాసు.

మా వైపు చాలా ఇళ్లల్లో నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు కొయ్యరు. మొదటి వేటు మగవాడే వెయ్యాలి. లేకుంటే ఇంటి మగబిడ్డకు కీడంటారు. అవ్వ ఈ విషయంలో శానా గట్టి. కార్తీక్ ఊళ్లో ఉండడు కాబట్టి ఆ డ్యూటీ నాది. అవ్వకు నా మతంతో పని లేదు, మగ చెయ్యి అయితే చాలు. ఒక్క వేటు వేసి, టీ తాగి వచ్చేవాణ్ణి.

రెండు నిమిషాల పని.

మూడు వారాల కింద మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. అమ్మకూ షుగరే. నోటికి ఏదీ సయించట్లేదంటే అక్క కేకు చేసిస్తానంది. సోమవారం ఫోన్ చేసి, కాయ తెచ్చినా, వచ్చి కోసి పొమ్మంది. నేను గూడ్స్ ఆటోలో లోడ్ వేసుకుని కర్నూలు పోయున్నా. రేపొస్తా అన్నా.

మంగళవారం మళ్లీ చేసింది.

"కాయ అట్లే ఉండాది ఖాజా. ఒక్కసారి వచ్చి పోప్పా."

ఆ రోజు నేను డోన్‌లోనే ఉన్నా. స్టాండులో ఆటో పెట్టుకుని ఫోన్లో మ్యాచ్ చూస్తున్నా. వస్తాండా అక్కా అన్నా.

పోలేదు.

బుధవారం ఆమే కేకు తీసుకుని మా ఇంటికొచ్చింది. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని.

అవ్వ గుడికి పోయిన టైం చూసి, తలుపేసుకుని తనే కోసిందంట. కత్తి జారి అరచెయ్యి లోతుగా తెగింది.

డాక్టర్ దగ్గరికి పోదాం రమ్మన్నా. వినలేదు. డబ్బా రేకు గీసుకుందని అవ్వకు చెప్పిందంట. అంతదానికి కుట్లెందుకని అవ్వ ఆరా తీస్తుందని భయం. కార్తీక్‌కు పరీక్షలు. వాడికి జలుబు చేసినా తన తప్పే అవుతుంది.

"ఎవరన్నా అడిగితే కాయ నువ్వే కోసినావని చెప్పప్పా" అంది.

సరే అన్నా. ఆమె కోసమే సరే అన్నానని ఇన్ని రోజులూ అనుకున్నా. కాదు. నేను పోలేదన్న సంగతి బయటపడకపోవడం నాకూ కావాల్సిందే.

ఆ కేకు అమ్మ తినింది. నేనూ రెండు ముక్కలు తిన్నా. బాగుండింది.

పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని పది రోజులు అంగట్లో కూచుంది. చెయ్యి మోచేతి దాకా వాచి, జ్వరంతో మాట తడబడ్డాక గానీ కదల్లేదు. కారు మాట్లాడి కర్నూలు తీసుకుపోయా. ఇన్ఫెక్షన్ అప్పటికే రక్తంలోకి పోయిందన్నారు. కనీసం నాలుగు రోజులు ముందు తెచ్చుంటే అన్నాడు డాక్టర్.

నిన్న అన్నీ అయిపోయాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వుండబట్టి నా కోడలికి తమ్ముడు లేని లోటు లేకపాయె నాయనా."

పక్కన కార్తీక్ తలూపాడు.

నాకు అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది. చెయ్యి విడిపించుకుని ఇంటికొచ్చేశా.

కార్తీక్, నీ ముఖం చూసి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నా. ఆ కాయ కోసింది నేను కాదురా. మీ అమ్మ రెండుసార్లు పిలిచింది, నేను పోలేదు. చెయ్యి తెగిందని నాకు ముందే తెలుసు, నీకు చెప్పలేదు. ఏమన్నా అనాలనిపిస్తే రా, అను. అవ్వకు మాత్రం ఇది చదివి వినిపించొద్దు. ఆమెకు నేనే వచ్చి చెప్తా. కీడు కాయలో లేదని, నాలో ఉండిందని చెప్తా.

పోయిరా సరసక్కా. మాఫ్ చెయ్యమని అడగను.

ఎవరికీ భయపడి ఏదీ దాచుకోవాల్సిన పని లేని చోట నీకు శాంతి దొరకాలని దువా చేస్తున్నా.